దిండు ఎవరిదని అడిగిన మనిషి

మా హాల్వర్‌లో లారీకి బీమా కావాలంటే మంగలి కుర్చీ ఎక్కాలి. ఆర్డిస్ హోవ్లాండ్ ఆఫీసు ఒకప్పుడు మంగలి దుకాణం. ఆమె దాన్ని తీసుకున్నప్పుడు గోడకున్న అద్దాలు తీయించింది, రంగులు వేయించింది. కుర్చీ మాత్రం నేలకి బోల్టులతో బిగించి ఉండడంతో, దాన్ని ఎవరు పీకుతారులే అని అలాగే వదిలేసింది. ముప్ఫై నాలుగేళ్ళుగా పశువులు తోలేవాళ్ళు, గోధుమలు తోలేవాళ్ళు, కంకర తోలేవాళ్ళు అందరూ ఆ కుర్చీలోనే కూర్చుంటున్నారు. కూర్చోగానే ఆమె కాలితో మీట తొక్కి కుర్చీని తన కళ్ళ ఎత్తుకి లేపుతుంది. ఇక దిగడం మన చేతిలో ఉండదు.

నేను ఆ కుర్చీ ఎక్కింది జనవరి మొదటి వారంలో. అంతకుముందు పదకొండేళ్ళు ఒక పెద్ద కంపెనీ పేరు కింద లారీ నడిపాను. బీమా వాళ్ళదే, కాగితాలు వాళ్ళవే, నాకు తెలిసిందల్లా స్టీరింగు. ఆ శీతాకాలం వాళ్ళకో దండం పెట్టి బయటికొచ్చాను. ఇల్లు తాకట్టు పెట్టి సొంత లారీ కొన్నాను. దాని తలుపు మీద గేలెన్ రస్క్ అని నా పేరు రాయించుకుని, రెండు రోజులు దాన్ని చూసుకుంటూ తిరిగాను. నాకున్న మొదటి లోడు, ఆ నెలకి ఒకే ఒక్క లోడు, ఎమిల్ టీడ్ తేనెటీగలు; కంపెనీలో ఉండగా ఆరు శీతాకాలాలు నేనే తోలినవి. నాలుగు వందల పైచిలుకు పెట్టెలు జనవరి ఇరవయ్యారున మా దక్షిణ డకోటా నుంచి బయలుదేరి కాలిఫోర్నియా బాదం తోటలకి చేరాలి. అక్కడ పూత కాయ కట్టాలంటే ఈగలు వాలాలి, బాదం పూత ఎవరి కోసమూ ఆగదు. ఆ తేదీకి బీమా కాగితం చేతిలో లేకపోతే లోడు ఇంకొకరిది అవుతుంది, ఆ తరవాత మా ఇల్లు బ్యాంకుది అవుతుంది.

ముందే ఒకచోట ఫోనులో అడిగి పెట్టుకున్నాను. అవతలి మనిషి ఇరవై నిమిషాల్లో తేల్చేశాడు. ఆరు ప్రశ్నలు అడిగి రేటు చెప్పాడు, కాగితాలు పంపించాడు. ఆర్డిస్ దగ్గరికి వెళ్ళింది ఆ రేటు చూపించి ఇంకాస్త తగ్గించమని అడగడానికే. ఇది ముందే ఒప్పుకుంటున్నాను. నేనేదో తెలివిగా ఆమెను వెతుక్కుంటూ వెళ్ళానని ఎవరూ అనుకోకూడదు.

ఆమెకప్పుడు అరవై మూడేళ్ళు. కళ్ళజోడు మెడలో తాడుకి వేలాడుతుంటుంది. చొక్కా జేబులో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలుంటాయి. పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో రాస్తుంది. అచ్చు ఫారం సొరుగులోంచి తీయడం చివరి రోజునే.

"ఏం తోలతావు?" అంది.

"ఎమిల్ తేనెటీగల్ని."

"చచ్చినవా, బతికినవా?"

"బతికినవేనండీ. చచ్చినవి ఎవరు తోలతారు?"

"నాకేం తెలుసు, నేనెప్పుడూ తోలలేదుగా." ఆమె నా ఫోను బీమా కాగితాలు తీసుకుని తిరగేసింది. "ఇందులో పదకొండో పేజీ చదివావా?"

"రేటు మొదటి పేజీలోనే ఉంది కదా."

ఆమె ఆ పేజీ మడిచి నా చేతికిచ్చింది. ప్రాణమున్న సరుకుకి పూచీ లేదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నేను రెండుసార్లు చదివాను. "అంటే కాలిఫోర్నియా దాకా ఖాళీ లారీ తోలుకోవడానికి నీకు చవగ్గానే ఇచ్చాడు," అంది ఆర్డిస్. ఆమె మాటలో వెటకారం లేదు. కొత్త సంగతి తెలిసిన సంతోషమే ఉంది. అందుకే నాకు ఎక్కువ మండింది.

ఆ తరవాత ఒమాహాలో తనకు తెలిసిన బీమా కంపెనీ మనిషికి ఫోను చేసింది. నేను కుర్చీలో అంతెత్తున కూర్చునే ఉన్నాను. "పెట్టెలోంచి బయటికి ఎగిరిన ఈగ మీ లెక్కలో ఇంకా సరుకేనా?" అని అడిగింది. అవతలివాడు నవ్వినట్టున్నాడు. "లేదు బాబూ, వేళాకోళం కాదు. బోల్తాపడితే పెట్టెల ఖరీదు ఇస్తారు, బాగుంది. పెట్టెలు బాగానే ఉండి ఈగలు పోతే? ఆ రైతు పెంచింది చెక్కపెట్టెల్నా?" ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆరు శీతాకాలాలుగా నేను మోసింది ఏమిటో నాకే సరిగ్గా తెలియదని ఆ కుర్చీలో తెలిసింది.

గంటన్నర సేపు అడిగింది. పెట్టెలు మోసే ట్రైలరు నాదా అంది. ఎమిల్‌దన్నాను. అది నా లారీకి తగిలించి ఉండగా విరిగితే ఎవరికి విరిగినట్టు అంది. బాదం తోటల్లో దించేశాక ఖాళీగా వస్తావా, ఏమైనా వేసుకొస్తావా అంది. కమలాపళ్ళు దొరికితే వేసుకొస్తానన్నాను. "అయితే వెళ్ళేటప్పుడు ఒక వ్యాపారం, వచ్చేటప్పుడు ఇంకో వ్యాపారం," అని క్యాలెండరు కాగితం తిప్పి రెండో పక్క మొదలుపెట్టింది. ఆదివారాలు లారీ ఎక్కడుంటుంది, ఎవరు కడుగుతారు, మా ఆవిడ రెనే దాన్ని ఇష్టపడుతుందా లేదా అని కూడా అడిగింది. ఆఖరిదానికీ బీమాకీ ఏం సంబంధమన్నాను.

"ఏమీ లేదు. తెలుసుకుందామని," అంది.

ఆమె చిన్నప్పటినుంచీ అంతేనట. బడిలో ప్రశ్నలాపడం లేదని టీచరు వరండాలో నిలబెడితే, వరండా ఊడ్చే ఆయన్ని పట్టుకుని చీపురు దేనితో చేస్తారని అడిగిందని మా అమ్మ చెప్పేది. మొగుడు రోల్డ్ జిల్లా రోడ్ల మీద మంచు తీసే బండి నడుపుతాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. వాళ్ళిద్దరి సంసారం ఎలా సాగిందా అని ఊళ్ళో నవ్వుకుంటారు. నాకైతే అందుకే సాగిందనిపిస్తుంది.

కానీ ఆ ప్రశ్నలన్నీ ఉబుసుపోక అడిగేవి కావని నాకు ఆమె చెబితేనే తెలిసింది. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏట ఎండుగడ్డి తోలే ఒకాయనకి బీమా రాసింది. లారీ ఎక్కడ ఉంచుతారని ఫారంలో ఉంది. ఇంట్లో అన్నాడాయన, ఇంట్లో అని రాసింది. ఇల్లంటే ఆయన లెక్కలో తమ్ముడి కొట్టం కూడా. ఆ కొట్టంలో గడ్డి అంటుకుని లారీ కాలిపోయింది. కంపెనీ చేతులెత్తేసింది. "ఏ ఇల్లు అని నేను అడగలేదు," అంది ఆర్డిస్. "ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ప్రతి ఆగస్టులో బస్తాడు మొక్కజొన్న కండెలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్తాడు. ముప్ఫై ఏళ్ళ పైనుంచీ నాకు మొక్కజొన్న గొంతు దిగదు."

పోయినవారం చూసిన సినిమా గురించి చెప్పినంత మామూలుగా చెప్పి, కుర్చీ కిందికి దించింది. "రేపు లారీ చూస్తాను," అంది.

మర్నాడు మధ్యాహ్నం మా పెరట్లో సున్నాకి పదిహేను డిగ్రీలు కింద ఉంది. రోల్డ్ బూట్లు వేసుకుని వచ్చింది. చక్రాలు, గొలుసులు, ఈగలు పోకుండా పెట్టెల మీద కప్పే వల, అన్నీ తడిమి చూసింది. చూస్తే చాలదా అంటే, కళ్ళకి అన్ని లారీలూ ఒకటే అంది. తరవాత క్యాబిన్ ఎక్కి నా సీట్లో కూర్చుంది. ఈ సుత్తి ఎందుకు అంది, టైర్ల మీద కొట్టి గాలి చూడ్డానికి అన్నాను. ఈ డబ్బాలో ఏముంది అంది, రెనే చేసిన బిస్కెట్లన్నాను. ఒకటి తీసుకుంది. నాకు విసుగొస్తోంది. పందొమ్మిది రోజులే ఉన్నాయి, ఈవిడ బిస్కెట్లు తింటోంది.

సీటు వెనక చెయ్యి పెట్టి ఒక దిండు లాగింది. గళ్ళ గుడ్డ దిండు, మధ్యలో నలిగి గుంటపడింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మైనం వాసన. ఎవరిదీ దిండు?"

"ఎమిల్‌ది. పాత లారీలోంచి నా సామానుతో వచ్చేసింది."

"ఎమిల్ పొట్టివాడు. ఇది ఎక్కడ వేసుకుంటాడు?"

"సీటు మీద."

"ఏ సీటు మీద?"

నేను అద్దంలోంచి పెరట్లోకి చూశాను. అక్కడ చూడ్డానికేం లేదు.

"నడిపేది నువ్వొక్కడివేనని నిన్న రాసుకున్నాను," అంది.

"నేనేనండీ నడిపేది. పగలు ఎమిల్ కాస్త పట్టుకుంటాడంతే."

నిజంగానే నేను అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. తేనెటీగలు తోలేవాళ్ళ పద్ధతి అది. పొద్దు ఉన్నంతసేపూ లారీ ఆగకూడదు. కదులుతూ గాలి తగులుతుంటే ఈగలు పెట్టెల్లో అణిగి ఉంటాయి. ఎండలో ఆగిందా, వల కిందికి గుంపులుగా వచ్చేసి ఒకదాని మీద ఒకటి పడి ఉక్కిరిబిక్కిరై చస్తాయి. అందుకని రాత్రి లారీవాడిది, పగలు ఈగలవాడిది. సాయంత్రం చీకటి పడ్డాక డీజిల్ పోయించుకుని నేను ఎక్కేవాణ్ణి. తెల్లవారగానే ఎమిల్ దిండేసుకుని కూర్చునేవాడు. నేను వెనక పరుపు మీద పడుకునేవాణ్ణి. దాన్ని మేమెవరమూ లారీ నడపడమని అనుకోలేదు. ఈగల్ని చూసుకోవడమనే అనుకున్నాం. ఎమిల్ వాళ్ళ నాన్న కాలం నుంచీ అంతే.

"ఎంతసేపు పట్టుకుంటాడు?"

"పొద్దు పొడిచిన దగ్గర్నుంచి గూకేదాకా."

ఆర్డిస్ దిండు ఒళ్ళో పెట్టుకుంది. "గేలెన్, ఈ కంపెనీ కాగితం మీద పేరున్నవాళ్ళకే పూచీ పడుతుంది. ఆ పది గంటలు నీ లారీకి బీమా లేదు. ఎదురుగా వచ్చేవాడికీ లేదు, నీకూ లేదు, ఈగలకీ లేదు."

"అయితే ఎమిల్ పేరూ రాసెయ్యండి."

"రాస్తాను. ఆయన కాగితాలు చూడాలి. నువ్వడుగుతావా, నన్నడగమంటావా?"

ఎమిల్‌కి డెబ్భై నాలుగేళ్ళు. వల ఎలా కట్టాలో, కుట్టినప్పుడు గీరుకోకుండా ఎలా ఉండాలో నాకు నేర్పింది ఆయనే. అలాంటి మనిషి దగ్గర చెయ్యి చాపి లైసెన్సు చూపించమనడం మా వైపు చేసే పని కాదు. పైగా ఆ లోడు కోసం ఇంకో ఇద్దరు లారీవాళ్ళు ఆయన చుట్టూ తిరుగుతున్నారు.

"మీరే అడగండి," అన్నాను. పిరికితనమే, కాదనను.

"ఇద్దరం వెళ్దాం," అంది.

మూడో రోజు పొద్దున్నే ఎమిల్ కొట్టానికి వెళ్ళాం. లోపల హీటరు తిరుగుతోంది. ఎమిల్ విరిగిన పెట్టె మూతలకి మేకులు కొడుతున్నాడు. ఎర్రటి చెవులు, చెవుల మీదికి లాగిన టోపీ, పళ్ళ మధ్య రెండు మేకులు.

"ఏం ఆర్డిస్, నా ఈగలన్నిటికీ తలా ఒక ఫారం నింపుతావా?" అన్నాడు మేకులు తీసి.

"ముందు నీది అవనీ. లైసెన్సు చూపించు."

ఎమిల్ నావైపు చూశాడు. నేను హీటరువైపు చూశాను. ఆయన పర్సు తీసి లైసెన్సు ఇచ్చాడు.

"దీనితోపాటు డాక్టరు కాగితం ఉండాలి కదా."

"ఇందులోనే ఉంటుంది చూడు," అని పర్సు కూడా ఇచ్చాడు.

ఉంది, నాలుగు మడతల్లో. ఆర్డిస్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. గడువు తీరి రెండు అక్టోబర్లు దాటిపోయాయి. పెద్ద లారీ నడిపేవాళ్ళు రెండేళ్ళకోసారైనా డాక్టరుకి చూపించుకుని ఆ కాగితం కొత్తది తెచ్చుకోవాలి. అది లేకపోతే లైసెన్సున్నా లేనట్టే.

"మర్చిపోయాను," అన్నాడు ఎమిల్.

ఆర్డిస్ కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలూ పెట్టింది. "ఏ కన్ను కనబడ్డం లేదు, కుడిదా, ఎడమదా?" అంది.

ఎమిల్ సుత్తి కింద పెట్టాడు. "ఎడమది," అన్నాడు చివరికి. "కుడిదానికేం లేదు. కుడిది కుర్రాడి కన్ను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "రెండు శీతాకాలాలు నేను నీ వెనక పడుకున్నాను పెద్దాయనా," అన్నాను. "పిల్లలున్నవాణ్ణి."

"ఎప్పుడైనా గీత దాటానా?"

"నాకెలా తెలుస్తుంది? నిద్రపోతున్నాను కదా."

"అదే చెబుతున్నా. నిద్ర పట్టింది కదా నీకు." ఆయన గొంతు కూడా లేచింది. "సరేరా అబ్బాయ్. నీ కాగితాలకి నేను పనికిరాకపోతే నా ఈగల్ని ఇంకొకడు తోలతాడు. వాడి బీమావాళ్ళకి ఇన్ని ప్రశ్నలుండవులే."

ఇల్లు పోయిందనుకున్నాను. నిజంగా అప్పుడు నాకు కళ్ళ ముందు కనబడింది మా ఇల్లే. నేను వెనక్కి తగ్గి, పోనీలే పెద్దాయనా, ఏదో చూద్దాంలే అనేవాణ్ణి. అంత దాకా వచ్చాను. ఫోను బీమావాడు ఆరు ప్రశ్నల్లో ఇది అడగలేదు కదా, వాడి దగ్గరికే పోతే సరి అని కూడా అనుకున్నాను.

ఆర్డిస్ ఒక ఖాళీ పెట్టె బోర్లించి దాని మీద కూర్చుంది. జేబులోంచి గింజలు తీసి, ఎమిల్‌కి నాలుగు పెట్టింది. ఆయన తీసుకున్నాడు.

"ఎమిల్, నాకు ఈగల సంగతి తెలీదు, అందుకని అడుగుతున్నా. పగలు లారీ ఆపితే ఏమవుతుంది?"

"బయటికొచ్చి చస్తాయి. మా నాన్న ఒకసారి భోజనానికని ఆపాడు. అరగంటలో సగం లోడు పోయింది. పెట్రోలు బంకు గోడంతా ఈగలే. ఆ రోజు మా నాన్న ఏడ్చాడు. మళ్ళీ జన్మలో పగలు ఆపలేదు."

"పాపం. ఎక్కడది?"

"ఓక్లహోమాలో. టెక్సాస్ నుంచి తెస్తుంటే."

"ఏ నెల?"

"మే నెల."

"వయోమింగ్‌లో జనవరిలో కూడా అలా వస్తాయా?"

ఎమిల్ గింజ పొట్టు తీస్తూ ఉండిపోయాడు. నేను తలెత్తి చూశాను. వయోమింగ్ మీదుగా వెళ్ళేటప్పుడు వెనక నా పరుపు పక్కన కిటికీ లోపలివైపు మంచు పేరుకునేది. రెండు దుప్పట్లు కప్పుకుని, పైన కోటు వేసుకుని పడుకునేవాణ్ణి. ఆరేళ్ళు ఆ చలిలో వణుకుతూ, ఎండకి ఈగలు చస్తాయేమోనని లారీ ఆపకుండా పోయాం.

"జనవరిలో అక్కడ మనుషులే బయటికి రారు," అన్నాను.

"మరెందుకు ఆపలేదు?" అని నన్నే అడిగింది ఆర్డిస్.

"ఆపకూడదన్నారు కదా."

"ఎందుకని నువ్వెప్పుడూ అడగలేదా?"

నేను అడగలేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె ఎమిల్ వైపు తిరిగింది. ఇంతసేపూ అందరినీ అడిగినట్టు కాకుండా, నెమ్మదిగా అడిగింది.

"నీకు తెలుసు కదూ?"

ఎమిల్ పొట్టు అరచేతిలో పోగు చేసి హీటరు పక్కన పెట్టాడు. "చలిలో ఈగ కదలదని నాకు తెలీకపోవడమేంటి ఆర్డిస్? యాభై ఏళ్ళుగా వాటితోనే ఉన్నాను. గుప్పెడు ముద్దగా చేరి అలాగే ఉంటాయి. రెండు రోజులు ఆపినా ఏం కాదు."

"మరి?"

"ఆపితే వీడు అక్కడే పడుకుంటాడు. లేచి మళ్ళీ వీడే నడుపుతాడు. ఇక నాతో పనేముంది?"

నాకు కోపం పోలేదు. పోయిందంటే అబద్ధం. కానీ ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఆయన మీద జాలి కలిగింది. ఆ జాలి ఆయనకి కనబడకూడదని సుత్తి తీసుకుని ఒక మూతకి మేకు కొట్టాను. వంకరగా దిగింది.

"సరిగ్గా కొట్టరా," అన్నాడు ఎమిల్.

ఆర్డిస్ పెన్సిలు తీసింది. "లారీ పగలల్లా ఆగి ఉందనుకో. లోపల ఈగలు బాగున్నాయో లేదో గేలెన్‌కి తెలుస్తుందా?"

"వీడికా? వీడికి ఈగల మోతా ఇంజను మోతా ఒకటే."

"నీకెలా తెలుస్తుంది?"

"పెట్టెకి చెవి ఆనిస్తే తెలుస్తుంది. బాగున్నవి సన్నగా, ఒకే తీరుగా మోగుతాయి. రాణి ఈగ పోయిందనుకో, ఏడ్చినట్టు ఎత్తీ దించీ మోగుతాయి. ఆకలైతే ఇంకోలా. గాలి ఆడకపోతే అదిగో, అప్పుడు చప్పుడు పెద్దదవుతుంది, అప్పుడే నీళ్ళు చల్లాలి."

ఆయన పావుగంట చెప్పాడు. ఆర్డిస్ మధ్యమధ్య ఆపి మళ్ళీ అడుగుతూ నవంబరు, డిసెంబరు క్యాలెండరు కాగితాలు రెండూ నింపింది. నేను ఆరేళ్ళు ఆ ఈగల్ని మోశాను. ఇవేవీ నాకు తెలియవు. ఇంత తెలిసినవాడు రోజుకి పది గంటలు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడే అనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఆమె ఒమాహాకి మళ్ళీ ఫోను చేసింది. పగలు చలి ప్రదేశాల్లో ఆగుతారని, వయోమింగ్‌లో ఒక పగలు, నెవాడా ఎత్తుల మీద ఒక పగలు అని చెప్పింది. నడిపేది ఒక్కడే. ప్రతి మజిలీలో పెట్టెల్ని విని రాసిపెట్టే మనిషి ఒకడు పక్కన ఉంటాడు, యాభై ఏళ్ళ అనుభవం, అంది. అలాంటి మనిషి నిజంగా ఉంటే ప్రాణమున్న సరుకుకి పూచీ పడతాం, ఆయన రాసిన కాగితాలు మాకు పంపాలి అన్నారు వాళ్ళు. ఎమిల్ ట్రైలరుకి ఒకటి, తిరుగు దారి కమలాపళ్ళకి ఒకటి, రోడ్డు మీద ఇంకొకరికి నష్టం చేస్తే దానికొకటి, నా లారీకి ఒకటి, అన్నీ కలిపి ఒకే బీమాగా రాయించింది. ఫోనువాడు చెప్పిన రేటు కన్నా ఎక్కువే అయింది. నేను గొణిగాను. ఆమె విననట్టు ఊరుకుంది.

ఎమిల్ సంతకం పెట్టడానికి వచ్చి కుర్చీ ఎక్కాడు. ఆయన పొట్టి గనక మీట రెండుసార్లు ఎక్కువ తొక్కాల్సొచ్చింది.

"అంటే నేను ఊరికే కూర్చుని వెళ్తానన్నమాట," అన్నాడు.

"వింటూ వెళ్తావు."

"పక్కన కూర్చునేవాడికి కూడా బీమా ఉంటుందా?"

"నీకుంది. పుట్టిన తేదీ చెప్పు."

ఇరవయ్యారున చీకటి పడ్డాక బయలుదేరాం. రాత్రంతా నేనే నడిపాను. తెల్లవారుతుండగా, అలవాటు కొద్దీ, సీటు మారడానికన్నట్టు ఎమిల్ కాళ్ళు కదిపాడు. వయోమింగ్‌లో రాలిన్స్ దాటాక లారీలు ఆపుకునే చోటు చూసి ఆపాను. పొద్దెక్కింది, ఎండ కాస్తోంది, గాలి కోసేస్తోంది. నేను పడుకున్నాను కానీ నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆగిన లారీలో పగలు పడుకోవడం నాకూ కొత్తే. మధ్యాహ్నం లేచి దిగాను.

ఎమిల్ ట్రైలరు చుట్టూ తిరుగుతున్నాడు. చంకలో దిండు ఉంది. మంచు మీద మోకాళ్ళేసి కింది పెట్టెలకి చెవి పెట్టడానికి దాన్ని మోకాళ్ళ కింద వేసుకుంటున్నాడు. టోపీ పైకెత్తి, ఎర్రటి చెవిని వల మీంచి చెక్కకి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. లేచి కాగితం మీద గీత గీస్తాడు. మూడో వరసలో ఒక పెట్టె దగ్గర చాలాసేపు ఉన్నాడు. నన్ను పిలిచి చెవి పెట్టమన్నాడు. పెట్టాను. సన్నగా, దూరంగా మోత వినిపించింది. నాకంతకన్నా తెలియలేదు.

"బాగున్నాయా?"

"బాగున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు," అన్నాడు. నాన్న ఏడ్చిన రోజు గుర్తొచ్చిందో ఏమో, ఆ మాట రెండుసార్లు అన్నాడు.

తరవాత దిండు దులుపుకుని నడుచుకుంటూ ముందుకి వెళ్ళాడు. డ్రైవరు వైపు తలుపు దగ్గరికి వెళ్ళి పిడి మీద చెయ్యి వేశాడు. తలుపు మీద నా పేరు ఆయన ముఖానికి ఎదురుగా ఉంది. చెయ్యి అలాగే కాసేపు ఉంచాడు. నేను సుత్తితో టైరు మీద కొట్టాను, ఇంకోసారి కొట్టాను. తలెత్తేసరికి ఆయన లారీ ముందు నుంచి చుట్టి అటుపక్కకి వెళ్ళిపోతున్నాడు.

ఫిబ్రవరిలో తిరిగొచ్చాక ఎమిల్ రాసిన కాగితాలు ఇవ్వడానికి ఆర్డిస్ దగ్గరికి వెళ్ళాను. కుర్చీ ఎక్కించింది. ఎక్కడాగారు, ఎంత చలి, ఎన్ని పెట్టెలు పోయాయి, రాణి పోయిన పెట్టె ఎలా మోగింది, కమలాపళ్ళు తియ్యగా ఉన్నాయా అని వరసపెట్టి అడిగింది. అన్నీ చెప్పాను. ఆమె అన్నీ రాసుకుంది. మూడో వరస పెట్టెకి నన్ను చెవి పెట్టమన్నాడని చెబితే నవ్వింది.

"మళ్ళీ బండెక్కేటప్పుడు ఎమిల్ ఏ పక్కకి వెళ్ళాడు?" అంది.

ఆమె ముఖం చూశాను. అక్కడెక్కడో మంచులో నేనొక్కణ్ణే చూసిన సంగతి ఈవిడకెలా తట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

"తన పక్కకే," అన్నాను.

ఆర్డిస్ పెన్సిలు కాగితం మీదే ఉంది. అది మాత్రం రాసుకోలేదు. ఇంకేమీ అడగకుండా కుర్చీ కిందికి దించింది.